కాలవ వైపు నుంచి

దుర్గాశ్రీ తెలిసే తప్పు చెప్పిందా, తెలియక చెప్పిందా, ఇరవై ఎనిమిదేళ్లయినా ఈ ముడి విడదే, పొద్దున దేవుడి దగ్గర దీపం పెట్టేటప్పుడు ఒకసారి, మధ్యాహ్నం మామిడి అంట్లకు చీటీలు రాసేటప్పుడు ఒకసారి, పిలవకుండా వచ్చి కూర్చుంటుంది, ఇవాళైతే మరీను, నర్సరీ షెడ్డు అరుగు మీద, రేపటి పరీక్షకని బడి మానేసి ఇంట్లోనే ఉండిపోయిన కూతురు సహస్ర పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఊగుతూ ఒకటే వల్లెవేత, బై బస్ అంటే బస్సు మీద, బై ద కెనాల్ అంటే కాలవ పక్కన, బై ఫైవ్ ఓ క్లాక్ అంటే ఐదింటిలోగా, వన్ బై వన్ అంటే ఒకరి తరవాత ఒకరు, రిటెన్ బై మదర్ అంటే అమ్మ చేత రాయబడినది, అమ్మా, ఒక్క మాటకి ఇన్ని అర్థాలేంటమ్మా, మనకైతే దేనికది వేరే మాట ఉంది కదా, అని మధ్యలో విసుగు, చిట్టెమ్మ చీటీ మీంచి తలెత్తకుండా, ఆ మాట పెళ్లిలో పెద్ద ముత్తయిదువ లాంటిదే, పీటల దగ్గరుంటే పీటల పని, పొయ్యి దగ్గరుంటే పొయ్యి పని, పక్కన ఎవరున్నారో చూసి అర్థం చెప్పుకోవాలి అంది, సహస్ర నోరు తెరిచి, అమ్మా, అచ్చం మా దుర్గాశ్రీ మేడం కూడా ఇదే చెప్పారు అంది, చెప్పదూ మరి, కామేశం మాస్టారు ఇద్దరికీ ఒకే బెంచీ మీద చెప్పిన మాట అది, ఆ ముత్తయిదువని ఆవిడ మేడం అయి పిల్లలకు పంచుతోంది, తను కడియం మట్టిలో కూర్చుని కొత్తపల్లి కొబ్బరి, కలెక్టరు, సువర్ణరేఖ అని చీటీలు రాస్తోంది, సున్నాలు మాత్రం ఇప్పటికీ ముత్యాల్లాగే వస్తాయి, మాస్టారు మెచ్చుకున్న సున్నాలు.

ఆ రోజు పదో తరగతి ఇంగ్లీషు పరీక్ష, పొద్దున్నే తన పెన్ను కక్కేసి అరచెయ్యంతా నీలం, ఏడుపొక్కటే తక్కువ, దుర్గాశ్రీ తన రెండో పెన్ను తీసి ఇదుగో చిట్టీ, అయినవిల్లి వినాయకుడి పాదాల దగ్గర పెట్టి తెచ్చింది, సాయంత్రం ఇచ్చెయ్యి, దేవుడి పెన్ను, పారేసుకోకు అంది, ఆ పెన్నుతోనే వ్యాసం రాసింది, లెటరు రాసింది, చివర్లో బిట్ పేపరు, పది ఖాళీలు, బై, విత్, ఎట్, ఫ్రమ్, ఎక్కడ ఏది పెట్టాలో అన్నీ ఒక్కసారి కలిసిపోయి బుర్రలో పుంత రేవు జాతర, ముందు బల్ల మీది దుర్గాశ్రీ జడ వెనక్కి వేసుకుంటున్నట్టు చెయ్యి పెట్టి చిన్న చీటీ జారవిడిచింది, ఒకటి నుంచి పది వరకు, ముద్దగా అక్షరాలు, చిట్టెమ్మ ఒక్కటి కూడా ఆలోచించలేదు, దేవుడి పెన్నుతో, స్నేహితురాలి మాటతో, పదికి పది దింపేసింది, బయటికొచ్చాక దుర్గాశ్రీ నవ్వుతూ, మొదటిదే బస్సుది ఇచ్చాడే, ఎంత తేలికో కదా అంది, చిట్టెమ్మ కూడా నవ్వింది, ఇంటికెళ్లి గైడు తీసి చూసుకుంటే పదిలో రెండే రెండు ఒప్పు, ఫలితాలొచ్చాక చూస్తే ఇంగ్లీషు నాలుగు మార్కుల్లో పోయింది, నాలుగంటే నాలుగు, మళ్లీ కడతాను నాన్నా అంటే, ఇంగ్లీషు రాకపోతే నీకు అన్నం ఉడకదేంటే అన్నాడు నాన్న, ఆ మాటతో సరి, టీచరవుదామనుకున్న పిల్ల మరుసటి వైశాఖానికి హరిబాబు భార్య అయింది, ఆయన మంచివాడే, మాట తూలడు, ఆ సంగతి వేరు, కానీ ఆ ఫెయిలు ఎవరి చేత అని ఎవరైనా అడిగితే చిట్టెమ్మ దగ్గర జవాబు ఎప్పుడూ సిద్ధమే, దుర్గాశ్రీ చేత, ఫస్టు క్లాసు తనొక్కదానికే రావాలని చేసింది, తేలికో కదా అంటూ వెక్కిరించింది కూడాను, ఆ తరవాత రెండుసార్లు ఇంటికొచ్చింది, అత్తయ్యగారూ, చిట్టి ఉందాండీ అని గుమ్మంలో నిలబడితే, గదిలో గడియ పెట్టుకుని లేదని చెప్పించింది, అమ్మ అబద్ధం ఆడలేక, ఉంది గానీ లేదమ్మా అంది, మూడోసారి రాలేదు, వస్తే తీసేదేమో, ఏమో, ఇప్పుడు రెండు వీధుల అవతలే ఉంటుంది, గుడిలో ఎదురుపడితే చిట్టెమ్మ ప్రదక్షిణం ఒకటి ఎక్కువ చేస్తుంది, ఆమె వెళ్లేదాకా, పెన్ను మాత్రం దేవుడి అలమరలో కుంకుమ భరిణె వెనక అలాగే ఉంది, పూజ చేసిన వస్తువు పారెయ్యకూడదు, ఆమె మొహం చూసి ఇవ్వాలనీ లేదు.

ఎవరండీ ఇక్కడ నర్సరీ గలాయన, అని గేటు దగ్గర గట్టిగా వినిపించి ఆలోచన చెదిరింది, తెల్ల చొక్కా చెమటకి వీపుకి అతుక్కుపోయిన పెద్దాయన, చేతిలో సంచీ, తుని నుంచి వస్తున్నానండి, నా పేరు బుల్లియ్య, నాలుగేళ్ల కిందట మీ దగ్గర ఇరవై అంట్లు కొన్నాను, పది కొత్తపల్లి కొబ్బరి, పది కలెక్టరు, అంటూ సంచీ బోర్లించాడు, కలెక్టరు కాయలు, ముక్కు వంకర తిరిగినవి, అరుగు మీద దొర్లాయి, ఇదేనాండీ కొబ్బరి మామిడి, నూతి పక్కన, మంచి నేలలో, మనవడి కంటే ఎక్కువ చూసుకున్నానండి, మా ఆవిడ రోజూ ఎద్దేవా, మీ కొబ్బరి మామిడి పచ్చట్లోకి బావుందండీ అని, నమ్మి డబ్బులిస్తే ఇంత మోసమా, అన్నాడు, హరిబాబు చేతులు జోడించి, మోసం మా ఇంటా వంటా లేదండి, కూర్చోండి, మంచినీళ్లు తాగండి అన్నాడు, బుల్లియ్య కూర్చోలేదు, చీటీ రాసిందెవరు అన్నాడు, నేనేనండి అంది చిట్టెమ్మ, ఆయన ఆమెవైపు చూశాడు, ఆ చూపు, ఆ చూపు తనకి బాగా తెలుసు, గుళ్లో స్తంభం చాటు నుంచి తను చూసే చూపే అది, ఇవతలి వైపు నుంచి ఎప్పుడూ చూడలేదు గానీ, ఒళ్లంతా ముళ్లు గుచ్చుకున్నట్టయింది, నేను తప్పు రాయలేదండి, దేవుడి తోడు, వినాయకుడి తోడు, అంటున్న కొద్దీ అబద్ధంలాగే వినిపిస్తోంది తన గొంతు తనకే.

అప్పుడే ఏదో తట్టి, మరి ఆ కలెక్టరు అంట్లు ఎక్కడేశారండి అంది, కంచె వెంబడండి, దారిన పోయేవాళ్లు కోసుకున్నా బెంగలేదని, అయితే చిత్రం ఏంటంటే అవి భలే తీపండి, ఊళ్లో పిల్లలంతా గోడెక్కి తింటున్నారు, మా ఇంట్లోనేమో పచ్చడి, అని చెబుతూ చెబుతూ బుల్లియ్య ఆగిపోయాడు, హరిబాబు నెత్తి మీద చెయ్యి పెట్టుకుని, వీరమ్మోయ్ అని పిలిచాడు, నీళ్లు పడుతున్న వీరమ్మ వచ్చి, నాకేం తెలుసు బాబూ, అప్పుడే పనిలో కొత్తగా చేరాను, అమ్మగారు దారానికి గుచ్చిచ్చిన చీటీలు వరసగా కట్టుకుపోయాను, రోడ్డు వైపు నుంచి అంది, చిట్టెమ్మ రాయడం ఎప్పుడూ కాలవ వైపు నుంచి, ఇరవై చీటీలూ నిజమే, ఇరవయ్యీ తప్పు మొక్కకే, ఎవరూ మోసం చెయ్యలేదు, వరస తిరగబడింది, బుల్లియ్య దొర్లిన కాయలు సంచీలోకి ఏరుకుంటూ, అంటే ఊరందరికీ కొబ్బరి మామిడి పెట్టింది నేనేనన్నమాట అని నవ్వేశాడు, హరిబాబు పది కొత్త అంట్లు తీసి గేటు పక్కన పెట్టిస్తున్నాడు, ఆ నవ్వులు చిట్టెమ్మకు దూరంగా వినిపిస్తున్నాయి, మొదటిదే బస్సుది ఇచ్చాడే, ఎంత తేలికో కదా, మొదటిది బస్సుదా, కాదే, తన పేపరులో మొదటిది కాలవది, అతని ఇల్లు కాలవ పక్కన ఉంది అన్న వాక్యం, బస్సుది ఆఖరున, పదోది, ఎన్నిసార్లు తలుచుకుంది ఆ మాట, ఇరవై ఎనిమిదేళ్లూ వెక్కిరింపే విన్నది గానీ మాట వినలేదు.

సహస్రా, మీ బిట్ పేపరు అందరికీ ఒకలాగే ఇస్తారా, అంది, లేదమ్మా, సెట్లుంటాయి, ప్రశ్నలు అవే, వరస వేరు, మా మేడం వాళ్ల బ్యాచ్‌కే మొదటిసారి అలా ఇచ్చారంట, లోపలున్నప్పుడు తెలీలేదంట, అందుకే ప్రతి పరీక్షకీ ముందు చెప్తారు, ఎవరికీ చూపించకండర్రా, చూసినవాళ్ల కంటే చూపించినవాళ్లే ఎక్కువ ఏడవాల్సి వస్తుంది అని, మాకేమో నవ్వొస్తుంది, అంది పిల్ల, చిట్టెమ్మకు నవ్వు రాలేదు, రెండుసార్లు గుమ్మంలోకి వచ్చింది ఆ మాట చెప్పడానికే కదా, గడియ అవతల నిలబడి, ఉంది గానీ లేదమ్మా అనిపించుకుని వెళ్లిపోయింది, అలమర తెరిచి కుంకుమ భరిణె జరిపింది, రోజూ దీపం పెట్టే చోటే దాచి పెట్టాను కదా స్వామీ, నువ్వైనా చెప్పలేదేం అని అడగబోయి ఆగింది, ఆయన్ని మాత్రం ఎన్నడు అడిగింది కనక, ఎవర్ని మాత్రం అడిగింది కనక, నీలం పెన్ను, క్యాప్ దగ్గర పసుపు ఇంకా అంటుకునే ఉంది.

స్కూలు వదిలే వేళకి చిట్టెమ్మ అక్కడ ఆటో దిగింది, దుర్గాశ్రీ వరండా చివర బెంచీ మీద కూర్చుని కాగితాలు దిద్దుతోంది, జుట్టు తెల్లబడింది, జడ మాత్రం ఇప్పటికీ భుజం వెనక్కే, తలెత్తి చూసి కళ్లజోడు తీసింది, చిట్టెమ్మ ఆటోలో కూడబలుక్కున్న మాటలన్నీ ఎక్కడో దిగిపోయాయి, ఒక్కటే మిగిలింది, బుల్లియ్యగారైనా తుని నుంచి పనిగట్టుకుని వచ్చి మొహం మీద అడిగాడు, అందుకే సాయంత్రానికి నవ్వుతూ ఇంటికి పోయాడు, తను రెండు వీధుల ఇవతల ఉండి ఒక్కనాడు అడగలేదు, మోసపోయాననుకోవడమే సుఖంగా ఉంది కాబోలు, అడిగితే అది పోతుంది కనక అడగలేదు, సాయంత్రం ఇచ్చెయ్యమన్నావు కదా, ఆలస్యమైంది, అంటూ పెన్ను కాగితాల మీద పెట్టింది, దుర్గాశ్రీ దాన్ని తీసి, కాగితం అంచున గీసి చూసింది, గీత పడలేదు, ఆరిపోయింది చిట్టీ అంటూ కొంగుతో క్యాప్ తుడిచి చేతిసంచీలో పెట్టుకుని, బెంచీ మీద జరిగి, పక్కన చోటు చూపించింది.