ఫేట్ అనే ఊరు

ధన్‌సింగ్ చొక్కా పట్టీని ఎడమ బొటనవేలి మీద బిగించి, మూడో కాజాకు దారం చుడుతున్నాడు. బొత్తాం దూరే ఆ చిన్న కన్నం అంచంతా సూది దించాలి, లేపాలి, ముడి లాగి మళ్లీ దించాలి. మిగతా కుట్టంతా మిషను మీదే. కాజాలు మాత్రం ముప్పై ఏళ్లుగా చేత్తోనే. అందుకే ఆ గోరు మధ్యలో సూది పోట్లకు ఒక గరుకు చార పడిపోయింది.

జూలూరుపాడు బస్టాండు ఎదురుగా, మూతపడిన ఎరువుల దుకాణం అరుగు మీద అతని మిషను. ఎండ ఇంకా కింది మెట్టు మీదే ఉంది. అది మిషను కాలును తాకితే రెండు అయినట్టు. రెండున్నరకు ఖమ్మం బస్సు. ఈలోగా చొక్కా అయిపోవాలి. చొక్కాతో పాటు ఒక మాట కూడా చెప్పేయాలి. చొక్కా అయిపోతుందని అతనికి నమ్మకమే. మాట సంగతే తెలియదు.

బీడీల తునికాకు కోత నుంచి వస్తూ జంపక్క తెగిన సంచి పట్టుకొచ్చి అరుగు మీద పడేసింది. ఆకు పసరుకు ఆమె వేళ్లు నల్లబడి ఉన్నాయి.

"ఏంది సింగన్నా, పొద్దుగాల్నుంచి ఒక్క అంగీ మీదనే కూసున్నవ్? పెండ్లికొడుకుదా?"

"ఎబినేజర్ సారుది. ఇయ్యాల ఖమ్మం పోతుండు."

"మళ్ల రాడా?"

"గది ఖాళీ చేసిండు. కండ్ల ఆపరేషనంట. ఇంక కూతురు కాడనే."

"అయ్యో! నా బొప్పాయి పేరు సముద్రం దాటొచ్చిందని చెప్పిండు గదా. అప్పట్నుంచి చెట్టును పేరు పెట్టి పిలుసుడే భయమైతాంది, మళ్ల సముద్రం దాటి పోతదేమోనని."

ధన్‌సింగ్ నవ్వాడు గానీ సూది ఆపలేదు. జంపక్క సంచి కుట్టించుకుని పోయింది.

ఎబినేజర్ సారు పినపాక వైపు బళ్లలో పాఠాలు చెప్పి, రిటైరయ్యాక ఇక్కడ గది కిరాయికి తీసుకున్నాడు. ఏడేళ్ల కిందట ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చి ఈ బెంచీ మీద కూర్చున్నాడు. ఆ రోజు ధన్‌సింగ్ 'జేబు లోతు పెట్టాల్నా సారూ' అని అడిగితే, జేబు అన్న మాట అరబ్బుల దగ్గర్నుంచి వచ్చిందని చెప్పాడు. ఆ తర్వాత రోజుకొకటి. దర్జీ, బట్ట లోపల వేసే అస్తరు పారశీకం నుంచి. బొత్తాం, ఇస్త్రీ బుడతకీచుల, అంటే పోర్చుగీసు వాళ్ల, ఓడల్లో దిగాయి. కాజా కూడా వాళ్లదే. వాళ్ల భాషలో ఆ మాటకు ఇల్లు అని అర్థమట, బొత్తాం ఉండే ఇల్లు.

ఇవన్నీ ధన్‌సింగ్‌కు చిన్నప్పుడే వచ్చిన మాటలు. కొత్తగూడెంలో ఉస్తాదు మొట్టికాయలు వేసి మరీ నేర్పాడు. ఎక్కడివో మాత్రం ఆయనా చెప్పలేదు, ఇతనూ అడగలేదు. మూడో తరగతిలో పంతులు, 'మీ తండా భాష ఒక భాషేనా, అన్నీ ఎత్తుకొచ్చిన మాటలే' అని పిల్లలందరి ముందూ నవ్వాడు. మర్నాటి నుంచి ధన్‌సింగ్ బడికి పోలేదు. నలభై ఏళ్లు దాటాక ఈ బెంచీ మీద సారు మాటలు వింటుంటే, అందరి నోళ్లలోనూ అరువు మాటలు ఉన్నాయని తెలిసి, ఎప్పుడో గొంతులో ఇరుక్కున్న ముల్లు కొంచెం కదిలినట్టయింది.

అయితే రెండేళ్ల కిందట సారే అడిగాడు: "మీ ఆడవాళ్లు కట్టుకునే ఫేటియా ఉంది కదా, ఆ మాట ఎక్కడిది ధన్‌సింగూ? నా మాటల పుస్తకంలో రాస్త."

అద్దాలు కుట్టిన ఆ పావడా అతని తల్లి చచ్చేదాకా కట్టుకుంది. మాట ఎక్కడిదో అతనికి తెలియదు. తెలియదని అనడానికి నోరు రాలేదు. "మా తాత చెప్పిండు సారూ. మావోళ్లు ఎడ్ల మీద ఉప్పు మోసుకుంట పోయేటప్పుడు ఫేట్ అనే ఊరి సంతల తొలిసారి ఆ బట్ట కొన్నరంట" అనేశాడు. దారాలు ఏరుతున్న భార్య మంగమ్మ నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుని పక్కకు పోయింది.

సారు అది కాగితం మీద రాసుకున్నాడు. ఆ సాయంత్రమే బడి నాటి పాత అట్లాసు తీశాడు. అప్పటి నుంచి భూతద్దం పెట్టి ఫేట్ కోసం వెతుకుతూనే ఉన్నాడు. ఎవరెవరికో ఉత్తరాలు కూడా రాశాడు. ఒకటి రెండు నెలల్లో మర్చిపోతాడని ధన్‌సింగ్ అనుకున్నాడు. సారు మర్చిపోలేదు. ఇప్పుడు ఆ పుస్తకం కాగితాల కట్ట ఖమ్మంలో అచ్చుకు పోతోంది.

మధ్యాహ్నం మంగమ్మ టిఫిన్ డబ్బా తెచ్చింది.

"చెప్పినవా?"

"ఇంకా రాలే."

"రెండేండ్ల సంది ఇంకా రాలేనా? నువ్వు చెప్పకుంటే నేనే చెప్త. ముసలాయన కండ్లు పొడుచుకుంటుండు."

"నువ్వు ఊకో" అని డబ్బా మిషను కింద పెట్టాడు. మూత తియ్యలేదు.

ఎండ మిషను కాలును తాకకముందే సారు వచ్చాడు. ఒక చేతిలో రేకు పెట్టె, భుజానికి గుడ్డ సంచి. బెంచీ మీద కూర్చోగానే సంచిలోంచి అట్లాసు, భూతద్దం తీశాడు.

"బస్సు దాకా టైమున్నది. నాగ్‌పూర్ పైభాగం ఇంకొకసారి చూస్త."

ధన్‌సింగ్ ఆఖరి బొత్తాం కుడుతున్నాడు. సారు పేజీ మీదికి వంగాడు. ముక్కు కాగితానికి ఆనేట్టుంది.

"ఈ ఊరు దొరకలేదనే ఆపరేషన్‌కు ఒప్పుకున్న, తెలుసా? మా అమ్మాయి స్తుతి రెండేండ్ల నుంచి బతిమాలుతున్నది" అన్నాడు సారు. తర్వాత మెల్లగా, "నా భయం కండ్ల గురించి కాదులే. ఊరు కండ్ల ముందరే ఉంటే నాకు ఎక్కకుండ పోతున్నదేమో. కండ్లకైతే డాక్టరున్నడు. మతికి ఎవరున్నరు?"

ధన్‌సింగ్ ముడి వేసి, దారం పళ్లతో తెంపాడు.

"సారూ, ఆ ఊరు లేదు."

"దొరకలేదు అను."

"లేనే లేదు సారూ. నేనే పుట్టిచ్చిన. మా తాతను నేను చూడనే లేదు. నేను పుట్టకముందే పోయిండు."

భూతద్దం నాగ్‌పూర్ మీదే ఆగిపోయింది. ఒక లారీ దుమ్ము లేపుకుంటూ పోయింది. ధన్‌సింగ్ తల ఎత్తలేదు. మంగమ్మ మాత్రం సారు మొహం వంకే చూస్తోంది.

"రెండేండ్లు" అన్నాడు సారు.

"అవ్ సారూ."

"అంటే నా మతి మంచిగనే ఉన్నది!"

ముందు భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు బయటికి వచ్చింది. దగ్గు వచ్చేదాకా నవ్వాడు. మంగమ్మ పరుగున నీళ్లిచ్చింది. తాగి, కళ్లద్దాలు తీసి, జేబు రుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. రెండేళ్లలో ఆ మొహం అంత తేలికపడగా ధన్‌సింగ్ చూడలేదు.

"ఎందుకు పుట్టిచ్చినవయ్యా?"

"మీరు దర్జీకి దేశం చెప్పిన్రు, జేబుకు చెప్పిన్రు. మా అమ్మ కట్టుకున్నదానికి ఒక ఊరన్న లేకపోతే..." అని ఆగిపోయాడు.

సారు సంచిలోని కట్టలోంచి ఒక కాగితం లాగి, పెన్సిల్‌తో రెండు వరుసలు కొట్టేసి, ఏదో రాశాడు.

"ఏం రాసిన్రు సారూ?"

"అర్థం అట్లనే ఉంచిన. ఎక్కడిది అన్నచోట తెలియదు అని రాసిన. ఈ కట్టలో నాకు తెలియనివి డెబ్బై ఉన్నయి. మీ అమ్మది డెబ్బై ఒకటోది. దానికి తోడు చానా మంది ఉన్నరు."

బస్సు హారన్ వినబడింది. సారు కొత్త చొక్కా అక్కడే వేసుకున్నాడు. కళ్లద్దాలు బెంచీ మీదే ఉన్నాయి. అయినా వేళ్లు తడుముకోకుండా ఒక్కో బొత్తాన్నీ దాని కాజాలో చేర్చాయి.

"చెయ్యి తిరిగినోడివి" అన్నాడు.

ధన్‌సింగ్ కళ్లద్దాలు సారు చేతికిచ్చి, రేకు పెట్టె బస్సులోకి ఎక్కించాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. సారు చెయ్యి బయటికి చాపి అతని భుజం తట్టాడు.

"భూతద్దం నీ మిషను బల్ల మీదనే ఉంచిన. నాకింక వెతికే ఊరు లేదు. సూదిల దారం ఎక్కియ్యనీకె నీకు పనికొస్తది."

బస్సు తల్లాడ దారిలో పోయింది. దుమ్ము అణిగేదాకా ధన్‌సింగ్ రోడ్డు మీదే నిలబడి, తర్వాత అరుగెక్కి టిఫిన్ డబ్బా మూత తీశాడు. జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం. నాలుగు రొట్టెలూ తిన్నాడు. అయిదోది లేదా అన్నట్టు డబ్బాలోకి చూశాడు.

"ఇన్నాళ్లు సగమే తింటివి" అంది మంగమ్మ.

"ఇన్నాళ్లు ఆకలి కాలే."

చేతులు కడుక్కోవడానికి పంపు దగ్గరికి పోయాడు. మిషను బల్ల మీద, రేపు ఇవ్వాల్సిన చొక్కా పట్టీ పైన, సారు భూతద్దం పెట్టినచోటే ఉంది. దాని కింద ఇంకా బొత్తాం చేరని ఒక కాజా, వాకిలంత పెద్దగా తెరుచుకుని ఉంది.