సంతోషంతో ఏడుస్తున్న తల్లి

మంత్రి మీటింగుకు తెచ్చిన ఆడవాళ్లందరినీ ముందు కూర్చోబెట్టి, తర్వాత చుట్టూ తాడు కట్టారు, దొడ్లోకి తోలి అడ్డుకర్ర వేసినట్టు. ఎనుమాముల మార్కెట్ యార్డులో మల్లక్క రోజూ మిరపకాయల తొడిమలు తీసే షెడ్డే అది. గాలిలో ఘాటు ఎప్పటిలాగే ఉంది. కానీ దగ్గు వస్తే లేచి బయటికి పోయే వీలు ఆ రోజు లేదు.

తాడు కొస పట్టుకుని నిలబడ్డవాడు ఆమె కొడుకు యాకయ్య. మీటింగు సాఫీగా నడిస్తే యార్డులో కాపలా పని ఖాయం చేయిస్తానని పార్టీ మనిషి సత్యనారాయణ మాటిచ్చాడు. ఆ పని రాకపోతే బొంబాయి పోతానని యాకయ్య అప్పటికే బట్టలు సర్ది పెట్టుకున్నాడు. బొంబాయి మాటే మల్లక్కకు గిట్టదు. వాడి తండ్రి కట్టయ్య పోయింది అక్కడికే. కాజీపేట స్టేషన్లో రైలెక్కుతూ ‘పండుగకొస్త’ అన్నాడు. ఏ పండుగకో చెప్పలేదు. అందుకే ఆమె ప్రతి పండుగనాడూ తలుపు గొళ్లెం పెట్టకుండా పడుకునేది. ఇప్పుడు మిగిలింది ఈ కొడుకొక్కడు.

మంత్రి ఇంకా రాలేదు. సత్యనారాయణ మైకు తట్టి చూసుకుని గొంతు సవరించాడు. వారం కింద మరిపెడలో ఇదే మంత్రిని మాట్లాడనివ్వకుండా జనం గోల చేసి హూ కొట్టారని ఊరంతా తెలుసు.

“అమ్మలార, అక్కలార, జర మంచిగ ఇనుండ్రి. మంత్రిగారు మన ఇంటికొచ్చిన సుట్టం. సుట్టాన్ని సూసి ఎవలన్న హూ అంటరా? చప్పట్లు కొట్టుండ్రి, లేకుంటె సప్పుడు జెయ్యకుండ కూసోండ్రి.”

“సుట్టమైతె చేతుల ఏమన్న పట్టుకొస్తడు గద సారూ,” అంది మల్లక్క పక్కన కూర్చున్న మొగిలమ్మ. ఆమెదీ తొడిమలు తీసే పనే. నోటికి మాత్రం భయం లేదు. “ఉత్త చేతులూపుకుంట వచ్చేటోన్ని మా దిక్కు ఇంకో పేరు పెట్టి పిలుస్తరు.”

ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. మల్లక్క ఆమె మోచెయ్యి గిల్లింది.

“నీకు దండం పెడ్త, సప్పుడు జెయ్యకే. మన జాగకొచ్చినోని మీద మొత్తుకునుడు మర్యాదనా?”

“ఓట్లకచ్చినప్పుడు మర్యాదగనే ఇన్నం గదనే. మాట తప్పినోన్ని తప్పినవురా అనుడు గూడ మర్యాదనే. ఆయనేమన్న మనింటికి రోజొస్తడా, చెవుల చెప్పుతందుకు?”

అది నిజమే కావచ్చు. కానీ తాడు పట్టుకుని నిలబడ్డది మొగిలమ్మ కొడుకు కాదు.

అంతలో ములుగు వైపు నుంచి వచ్చిన లారీ ఆగింది. దిగిన ఆడవాళ్లను కూడా తాడు లోపలికే పంపారు. వాళ్లలో అక్క సమ్మమ్మను చూడగానే మల్లక్క ముఖం తిప్పుకుంది. తల వంచి మొగిలమ్మ వెనక దాక్కోబోయింది. వెనక్కి జరగడానికి జానెడు చోటు లేదు.

సమ్మమ్మ బిడ్డ సావిత్రి శ్రావణంలో కానుపు కష్టమై చనిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోవాల్సిన జీపు వాగు అవతలి ఒడ్డున ఆగిపోయింది. ఇవతలి నుంచి ఎడ్లబండి మీద తీసుకుపోతుంటే నడి వాగులోనే ప్రాణం పోయింది. కబురు ఆలస్యంగా అందింది. ఆ తర్వాత పోదామంటే రేపు, ఎల్లుండి అనుకుంటూ మల్లక్క మిర్చి సీజనులో పడింది. అక్కచెల్లెళ్లు కలవక అప్పటికి ఎనిమిది నెలలు.

ఇంట్లో చావు జరిగాక అయినవాళ్లు మొదటిసారి ఎదురుపడితే ఆడవాళ్లు మెడలు పట్టుకుని ఏడవాలి. అది బజారా, బస్టాండా అని చూడరు. ఒకరు శోకం ఎత్తుకుంటే రెండోవారు అందుకోవాలి. అందుకోకపోతే చుట్టరికం అక్కడితో తెగిపోయినట్టే. ఇక ఆ ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టరు.

సమ్మమ్మ చెల్లెల్ని చూసింది. కూర్చున్నవాళ్ల కాళ్లు దాటుకుంటూ నేరుగా వచ్చింది. సరిగ్గా అప్పుడే మంత్రి మెడలో దండలతో వేదికెక్కి మైకు ముందు నిలబడ్డాడు.

“అక్కా, ఇప్పుడొద్దె,” అని మల్లక్క గుసగుసగా అంది. “మీటింగయినంక గేటు కాడ ఏడుద్దాం. నా కొడుకు బతుకే అక్కా.”

సమ్మమ్మ చెవికి ఆ మాటలు ఎక్కలేదు. చెల్లెలి మెడ మీద వాలిపోయింది.

“ఓ చెల్లే... నా బిడ్డ పాయెనే చెల్లే... జీపు ఒడ్డుకాడనే ఆగిపాయెనే...”

మల్లక్క అరచెయ్యి తెచ్చి అక్క నోటికి అడ్డం పెట్టింది. వేడి ఊపిరి, కన్నీళ్ల తడి అరచేతికి తగిలాయి. సమ్మమ్మ ఆ చేతిని మెల్లగా తీసేసింది. తీసి, చెల్లెలి ముఖంలోకి ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత శోకం ఒక్కతే అందుకుంది, రెండు గొంతులంత పెద్దగా.

“వంతెన కడ్తనని పోయినోడు మళ్ల రాకపాయెనే... వాగు నా బిడ్డను దాటనియ్యకపాయెనే...”

మంత్రి మొదలుపెట్టిన ప్రసంగం ఆపి చెయ్యెత్తాడు. ముఖం నిండా నవ్వు. “ఆ తల్లిని ఏమీ అనకండి. ఏడవనివ్వండి. నన్ను చూసిన సంతోషంతో ఏడుస్తున్న తల్లి ఆమె. అవి ఆనందబాష్పాలు!”



“సంతోషం గాదయ్యో!” మొగిలమ్మ లేచి నిలబడింది. “బిడ్డ సచ్చి ఏడుస్తాంది! నువ్వు కడ్తనన్న వంతెన లేక సచ్చింది!”

ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ములుగు ఆడవాళ్లలోంచి ఒక హూ లేచింది. వెనకనుంచి హమాలీలు అందుకున్నారు. రేకుల కప్పు కింద అది తిరిగి తిరిగి మోగింది. మంత్రి పెదాలు కదులుతున్నాయి గాని మాట వినబడటం లేదు.

సత్యనారాయణ చెమటలు కక్కుకుంటూ పరుగెత్తుకొచ్చాడు. “ఎవలామె? ఎవల మనిషి?” అని మల్లక్కనే అడిగాడు. “నీ మీదనే పడి ఏడ్చింది గద!”

అక్క పక్కనే ఉంది. కొడుకు నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. మల్లక్క ఇద్దరినీ చూడకుండా నేలను చూసింది.

“నాకెరుక లేదు సారూ. ఎవరనుకోని పట్టుకున్నదో.”

సమ్మమ్మ ఏడుపు ఠక్కున ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. 

“మా పెద్దమ్మ సార్,” అన్నాడు యాకయ్య.

తాడు కిందికి జారవిడిచి వచ్చి ఆమె రెక్క పట్టుకున్నాడు. “నడువు పెద్దమ్మా, ఊరికి తోల్కపోత.” తల్లి వైపు తిరిగి చూడలేదు. కోపంగా కూడా చూడలేదు. కోపంగానైనా చూసి ఉంటే బాగుండునని మల్లక్కకు అనిపించింది.

“నువ్వు కన్న గీ పోరడు గూడ నీకెరుక లేదా?” సత్యనారాయణ మీదికి వంగాడు. “ఇగ యార్డుల కాలు పెట్టనిస్తనా వీన్ని!”

“నా కొడుకు సారూ,” అంది మల్లక్క. ఆ మాట హూలో మునిగిపోయింది. ఇంకా పెద్దగా, నోరంతా తెరిచి అరిచింది. “నా కొడుకూ!”

సత్యనారాయణకు ఆ చివరి ‘ఊ’ ఒక్కటే వినబడింది.

“ఓహో, నువ్వు గూడ హూ కొడ్తానవా! తల్లికొడుకులు ఇద్దరు గలిసే జేసిండ్రన్న మాట!”

కాదని చెప్పాలి. ఆమె కాదనలేదు. ఆ నోరు అలాగే తెరిచి ఉంచింది. ఎనిమిది నెలల నుంచి లోపల ఆగిన శోకం అప్పుడు తన్నుకొచ్చింది. “ఓ అక్కా... సావిత్రి పాయెనే అక్కా...” అని అందుకుంది. పట్టుకోవడానికి మెడ లేదు. చుట్టూ ఉన్నవాళ్లు అదీ హూ అనుకుని ఇంకా గట్టిగా కలిపారు.

గేటు దగ్గర సమ్మమ్మ ఆగినట్టు కనిపించింది. మధ్యలో జనం కమ్మేశారు. చెల్లెలి గొంతు గుర్తుపట్టి ఆగిందో, దారి దొరక్క ఆగిందో, మల్లక్కకు ఎంత నిక్కి చూసినా తెలియలేదు.