ఏంజెలిన్ చేతులు

బొమ్మ రైళ్ల బల్ల తుడవడానికి మా ఆయన హెబ్రోను నాకు మూడు కుంచెలు ఇచ్చాడు. పట్టాలకు ఒకటి, స్టేషను కప్పుకు ఒకటి, మనుషులకు ఒకటి. మనుషులంటే చిటికెన వేలి గోరంత బొమ్మ మనుషులు. ప్లాట్‌ఫారం మీద నిలబడి ఉంటారు. ఒకే బండి మళ్లీ మళ్లీ వచ్చి ఆగినా ఎక్కరు. వాళ్ల కుంచె ఒంటె వెంట్రుకలది, మెత్తనిది. నా దువ్వెనకు పళ్లు విరిగి ఏడాదైంది.

మాది బిట్రగుంట. ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద షెడ్డు ఉన్న ఊరు. ఆయన రైల్వేలో సిగ్నళ్ల పని చేసి రిటైరయ్యాడు. ముందు గది మొత్తం ఆ బల్లే. దాని మీద పాత బిట్రగుంట స్టేషను, షెడ్డు, నీళ్ల ట్యాంకు, బొమ్మ రైళ్లు. ఒక్కటీ కొత్తది కాదు. ఎవరో వాడి అమ్మేసినవే. కొన్ని ఫోనులో చూసి కొన్నాడు, కొన్ని చెన్నైలో ఏటా జరిగే పాత బొమ్మ రైళ్ల సంతలో కొన్నాడు. నా కుట్టు మిషను వసారాలో ఉంది. ఉప్పుగాలికి దాని చక్రం తుప్పు పట్టింది. గదిలో ఒక మూల పెట్టుకుంటానని అడిగితే, నూలు పోగులు ఇంజన్ల చక్రాలకు చుట్టుకుంటాయన్నాడు. అది నిజమే. ఆయన కటువుగా మాట్లాడినా అబద్ధం ఆడడని అప్పట్లో నా నమ్మకం.

నేను రెండో భార్యను. ముప్పై ఆరేళ్ల వయసులో మైపాడు నుంచి ఈ ఇంటికి వచ్చాను. అప్పటికి మొదటి ఆమె ఏంజెలిన్ చనిపోయి మూడేళ్లు. ఆమె గార్డు కూతురు, రైల్వే కాలనీలో పుట్టి పెరిగింది. చర్చిలో కీబోర్డు వాయించేది. కేకులు చేసేది. బల్ల మీది నూట నలభై మంది మనుషులకూ రంగులు వేసింది ఆమేనట. ఒక్కొక్కరికి కనుబొమ్మలు కూడా ఉంటాయి. ఇంటికి ఎవరొచ్చినా ఆయన భూతద్దం చేతికిచ్చి చూపిస్తాడు. "ఏంజెలిన్ చేతులు. అట్టాంటి చేతులు మళ్లీ పుట్టవు." నేను టీ కప్పులు పట్టుకుని పక్కనే నిలబడి ఉంటాను. వచ్చినవాళ్లు నా వైపు చూసి, చూపు తిప్పుకుంటారు.

చచ్చిపోయిన మనిషి మీద అసూయ ఎంత చెడ్డదో ఎవరికీ చెప్పుకోలేం. బతికున్నదైతే ఒకరోజు ఆమె కూరలో ఉప్పు ఎక్కువవుతుంది, ఒకరోజు నోరు జారుతుంది. ఆమెకూ జుట్టు తెల్లబడుతుంది. ఏంజెలిన్‌కు అవేవీ లేవు. ఆరేళ్లుగా ఆ మనుషుల దుమ్ము దులుపుతూ వాళ్లలో ఒక్క తప్పు కోసం వెతికాను. గీత దాటిన రంగు, వంకర పోయిన కన్ను, ఏదో ఒకటి. దొరకలేదు. మా ఆడబిడ్డ వచ్చినప్పుడల్లా పలావు తింటూ, "బాగానే ఉందమ్మా, ఏంజెలిన్ వదిన చేతి రుచి వేరే" అనేది. నేను బ్లౌజులు కుట్టి ఈ ఇంటికి గ్యాసు తెప్పిస్తున్నాను. నా చేతుల గురించి ఈ ఇంట్లో ఒక్కరూ ఒక్క మాట అనలేదు.

ఏటా నవంబరులో మా ఇంట్లో ఏంజెలిన్ జ్ఞాపకార్థ కూడిక జరుగుతుంది. సంఘం నుంచి అరవై మంది వస్తారు. పాటలు, ప్రార్థన, ఆ తర్వాత హెబ్రోను సాక్ష్యం. బల్ల పక్కన నిలబడి ఆమె చేతుల గురించి చెప్పి కళ్లు తుడుచుకుంటాడు. అరవై మందికీ వంట నాది. నా మొగుడు ఇంకో ఆడదాని కోసం ఏడుస్తుంటే నేను ఉల్లిపాయలు తరుగుతూ ఉంటాను. నా కళ్లనీళ్లను ఎవరూ అనుమానించరు.

ఈసారి కూడికకు రెండు నెలల ముందు బల్ల తుడుస్తుంటే నా పైట కొంగు తగిలి ఒక బొమ్మ కింద పడింది. గొడుగు పట్టుకున్న ఆడమనిషి. చూసుకోకుండా నేనే తొక్కాను. హెబ్రోను ముక్కలు ఏరి అరచేతిలో పెట్టుకున్నాడు.

"ఏం మే, కళ్లు యాడ పెట్టుకున్నావు? ఏంజెలిన్ వేసింది ఇది. మళ్లీ ఎవరు వేస్తారు? నువ్వేస్తావా?"

అది ప్రశ్న అనుకున్నాను. అగ్గిపుల్ల చెక్కి, దానికి జాకెట్టు గుడ్డ పీలిక చుట్టి, గోళ్ల రంగుతో, సూదిమొనతో మూడు రోజులు కూర్చుని ఒక గొడుగు మనిషిని చేశాను. కాజాలు కుట్టే చేతులు నావి. వణకవు. చీర అంచు కూడా వచ్చింది. తీసుకెళ్లి ఇస్తే రెండు వేళ్లతో పట్టుకుని చూశాడు.

"ఇవి చేతులా కాళ్లా? ఇట్టాంటివి ఇంకోసారి నాకు చూపించబాక." చెత్తబుట్టలో వేశాడు.

తర్వాత ఫోనులో వెతుకులాట మొదలైంది. ఆయనకు తెలుగులో టైపు చేయడం రాదు. ఆయన చెప్తుంటే నేను కొట్టాలి. "అన్నా నమస్తే. దయచేసి వెనకవైపు ఫొటో ఒకటి పెడతారా? రంగు ఎక్కడైనా లేచిందా? ఎండ తగిలే చోట ఉంచలేదు కదా?" దయచేసి అన్న మాట ఆయన నోట మొదటిసారి విన్నాను. డెంగ్యూ వచ్చి నేను పదిరోజులు పడుకున్నప్పుడు నా రంగు ఎట్లా ఉందో చూసినవాడు లేడు. గోరంత బొమ్మకు దొరికే మర్యాద చూసి ఆ బొమ్మ మీద కూడా అసూయపడ్డాను. అంత దిగజారాను.

ఫోనులో దొరకలేదు. కూడిక ఇంక ఎనిమిది రోజులుందనగా చెన్నై సంతకు బయల్దేరాడు. "విరగ్గొట్టినదానివి నువ్వే. నువ్వే వచ్చి వెతుకు" అన్నాడు.

పెరంబూరులో ఒక కల్యాణ మండపం. వరసగా బల్లలు. అన్ని బల్లల వెనకా మగవాళ్లే, ముందూ మగవాళ్లే. గోడ పక్క కుర్చీల్లో వాళ్ల భార్యలు సంచులు పట్టుకుని కూర్చున్నారు. ఇంజను కొనేవాడికి అమ్మేవాడు చిన్న పట్టా ముక్క మీద దాన్ని ముందుకు నడిపి, వెనక్కి నడిపి చూపిస్తాడు. చక్రాలు చూసుకోమంటాడు. లోపాలుంటే ముందే చెప్తాడు. నేను కట్టుకుంది ఒకసారి సంసారం చేసిన మనిషినే. నాకు ఎవరూ అట్లా నడిపి చూపించలేదు. "రైల్వే పెన్షన్ వస్తుంది" అన్నాడు మా నాన్న. అంతే.

హెబ్రోను ఒక ఇంజను దగ్గర అతుక్కుపోయాడు. నేను బొమ్మ మనుషులున్న బల్ల వెతుక్కుంటూ చివరికి వెళ్లాను. అక్కడ టైటస్ అనే పెద్దాయన కూర్చున్నాడు. గూడూరు మనిషి, ముప్పై ఏళ్లుగా ఇదే వ్యాపారమట. ప్రతి బొమ్మనూ చిన్న ప్లాస్టిక్ కవరులో పెట్టి, అది ఎవరి దగ్గర నుంచి వచ్చిందో చీటీ రాసి లోపల వేస్తాడు. ఫోనులో ఫొటో చూపించాను.

"గొడుగు మనిషి, అన్నా. మా ఆయన మొదటి భార్య వేసింది. నేను విరగ్గొట్టినాను. అట్లాంటిదే కావాలంట."

ఆయన కళ్లజోడు పైకెత్తి నన్ను చూశాడు. "బిట్రగుంట హెబ్రోనా మీ ఆయన? అయితే మొదటావిడంటే ఏంజెలినమ్మ. ఆమె వేసిందని ఎవరు చెప్పినారు?"

"అన్నీ ఆమే వేసింది. నూట నలభై."

"భలేదానివే చెల్లెమ్మా. అవన్నీ ఇదే బల్ల మీద నేను అమ్మినవి. వేలూరు డాక్టరు గారి భార్య వేసినవి. డాక్టరు పోయినాక పిల్లలు మొత్తం తెచ్చి నాకిచ్చేసినారు. అట్టపెట్టెతో సహా మీ ఆయన ఎత్తుకపాయె."

"ఆ డాక్టరు గారి భార్య పేరేంది?"

"ఏమో. నేను డాక్టరు పేరే రాసుకున్నా."

సిగ్గులేకుండా చెప్తున్నాను, నాకు ముందు కలిగింది సంతోషం. ఒళ్లంతా తేలికైంది. ఆమెకు చేతులు లేవు! కనుబొమ్మలు ఆమెవి కావు! అక్కడే ఆ బల్ల ముందు నిలబడి నవ్వాను. ఆరేళ్లుగా దొరకని తప్పు దొరికింది కదా. ఇంటికి పోయి మా ఆడబిడ్డకు ఎట్లా చెప్పాలో మాటలు కూడా పేర్చుకున్నాను.

"ఆమె వేసింది ఒకటే ఒకటి" అంటూ టైటస్ విరిగిన సామాన్ల డబ్బాలో వెతికి ఒక కవరు తీశాడు. ఆకుపచ్చ చీర కట్టుకుని చంకలో బుట్ట పెట్టుకున్న ఆడమనిషి. చీర అంచు వంకర. బుట్టలో చేపలు, ఒక్కో చేపకూ కన్ను. ముఖం మాత్రం లేదు. అక్కడ తెల్లగా గీకి ఉంది.

"రుమాల్లో చుట్టుకోని ఎంత సంబరంగా తెచ్చిందో. అన్నా, నేనేసినా చూడు అనింది. మీ ఆయన చూసినాడు. ఇవి చేతులా కాళ్లా అన్నాడు. డాక్టరు గారి భార్యను చూసి నేర్చుకోమన్నాడు. నా బల్ల మీది బ్లేడు తీసుకోని, అందరి ముందరా మొహం గీకేసినాడు. చుట్టూ ఉన్నోళ్లు నవ్వినారు." కవరును బల్ల మీద పెట్టాడు. "నేనూ నవ్వినా."

"మీ దగ్గరెందుకుంది?"

"ఇంటికి తీసకపోతే మిగతాది కూడా గీకేస్తాడు, నీ దగ్గర పెట్టుకో అన్నా అనింది. చీటీలో తన పేరే రాయమని అడిగింది."

చీటీ చూశాను. ఏంజెలిన్, బిట్రగుంట.

ఆ గోడ పక్క కుర్చీల్లో ఒక దాంట్లో కూర్చున్నాను. ఆమె కూడా ఇక్కడే ఎక్కడో కూర్చుని ఉంటుంది, సంచి పట్టుకుని. ఆమెకు వేలూరు డాక్టరు గారి భార్యను చూపించాడు. నాకు ఆమెను చూపించాడు. రేపు నేను పోతే, మూడో మనిషి వస్తుంది. ఆమెకు నన్ను చూపిస్తాడు. చెత్తబుట్టలో వేసిన చేతులనే పొగుడుతూ కళ్లు తుడుచుకుంటాడు. ఆ మూడో మనిషి నన్ను తిట్టుకుంటూ కుంచె పట్టుకుంటుంది. ఈ మనిషికి ఆడవాళ్ల చేతులు బాగుండాలంటే వాళ్లు చావాలి. నా సంతోషం ఎంతసేపు నిలిచింది? టైటస్ కవరు తీసేంతసేపు. ఇంక ఏంజెలిన్ మీద నాకు మిగిలిన అసూయ ఒక్కటే. ఆమె ఈయన నోటికి దొరకనంత దూరం వెళ్లిపోయింది.

హెబ్రోను వచ్చేసరికి టైటస్ గొడుగు మనిషిని వెతికి బయట పెట్టాడు. డాక్టరు గారి పిల్లలు తర్వాత తెచ్చిచ్చిన వాటిలోదేనట. హెబ్రోను ముఖం వెలిగిపోయింది. "దేవుని కృప" అన్నాడు. టైటస్ నా కళ్లలోకి చూడకుండా రెండో కవరును నా చేతిలో పెట్టాడు. తిరుగు ప్రయాణంలో గొడుగు మనిషి ఆయన చొక్కా జేబులో ఉంది. ఏంజెలిన్ చేపల మనిషి నా రవికలో ఉంది.

ఆదివారం కూడిక. బల్ల చుట్టూ, వసారా నిండా మనుషులు. నేను వంటింటి గుమ్మంలో గరిటె పట్టుకుని నిలబడ్డాను. హెబ్రోను ఏడాదికోసారి చెప్పే మాటలే చెప్పాడు. చివర్లో భూతద్దం తీసి, వారం కిందట కొన్న గొడుగు మనిషిని చూపించాడు.

"దీన్ని వేసేనాటికే ఆమెకు ఒంట్లో బాగలేదు. అయినా ఆ చెయ్యి చూడండి, వణికిందా?"

"ఆమెన్" అన్నారు. మా ఆడబిడ్డ కొంగు కళ్లకు అద్దుకుంది.

పాస్టరు క్రీస్తుదాసు గారు బైబిలు మూస్తూ, "ఇంకెవరైనా సాక్ష్యం చెప్తారా?" అన్నారు. ఏటా మర్యాదకు అడిగే మాట అది. ఎవరూ లేవరు. వెంటనే ఆఖరి ప్రార్థన, ఆ వెనకే పలావు.

"నేను చెప్తానయ్యగారూ" అన్నాను.

అందరూ వెనక్కి తిరిగారు. పాస్టరు గారు నవ్వి తలూపారు. నేను చేతులు కడుక్కుని, తుడుచుకుని, మనుషుల మధ్యలో నుంచి బల్ల దగ్గరికి వెళ్లాను. హెబ్రోను నా చెవి దగ్గరికి వంగాడు.

"పలావు అడుగంటుతుంది. పో లోపలికి."

"దించేసి వచ్చినాను" అన్నాను.

కవరు విప్పి ఆకుపచ్చ చీర మనిషిని ప్లాట్‌ఫారం మీద అందరి ముందుగా నిలబెట్టాను. హెబ్రోను దాన్ని చూశాడు. మొదట గుర్తుపట్టలేదు. పక్కన పెట్టిన చీటీలో పేరు చదివాక గుర్తుపట్టాడు. తీసేయడానికి చెయ్యి చాచాడు. అరవై మంది చూస్తున్నారు. చెయ్యి వెనక్కి పోయింది. భూతద్దం ఆయన వేళ్ల మధ్య నుంచి తీసుకుని మా ఆడబిడ్డకు అందించాను.

"చూడండి వదినా. ఏంజెలిన్ అక్క తన చేత్తో వేసింది ఇది ఒక్కటే. చేపలకు కళ్లు ఎంత బాగా పెట్టిందో చూడండి. దీనికి ముఖం ఎందుకు లేదో ఇప్పుడు చెప్తాను."