ఎర్రపీలిక లేని డబ్బా

దసరా నాడు మధ్యాహ్నం సుభద్ర అన్నం క్యారియరు పట్టుకుని ఆఫీసర్ల క్లబ్బుకి వెళ్లేసరికి, గడ్డి కోసే చిన్న ట్రాక్టరు పచ్చిక మధ్యలో ఆగిపోయి ఉంది. దాని వెనక రెండు బారల మేర మాత్రమే గడ్డి తెగింది. భీమారావు చొక్కా విప్పి పక్కన పడేసి, ఇంజను ముందు గొంతుక్కూర్చున్నాడు.

"తిన్నాక చేసుకోవచ్చు కదా," అంది సుభద్ర.

"ఆరింటికి సాహెబులు కుటుంబాలతో వస్తారు. అప్పటికి ఇదంతా అయిపోవాలి. నిన్న ఆయుధపూజలో నాలుగు నిమ్మకాయలు తొక్కించినాను గదా, ఐదోది ఎట్టలేదని అలిగినట్టుంది."

అతను తాడు లాగాడు. ఇంజను అందుకుంది. కాని దాని చప్పుడు రోజూలా లేదు. గొంతులో ఏదో అడ్డం పడిన మనిషిలా దగ్గింది. వెనక గొట్టంలోంచి తెల్లటి పొగ ముద్దగా వచ్చింది. బండి రెండడుగులు వేసి, ఒళ్లంతా కుదిపి ఆగిపోయింది.

సుభద్ర వేపచెట్టు కింద కూర్చుని చూస్తోంది. గాలి వెళ్లే చోట ఉండే స్పాంజి ముక్కను అతను అప్పటికే ఉతికి ఆరబెట్టాడు. ప్లగ్గు విప్పి చూపించాడు. దాని మొన నల్లగా, తడిగా ఉంది. గుడ్డతో తుడిచి, ఇంజనుకి ఆనించి తాడు లాగితే నీలంగా నిప్పురవ్వ దూకింది.

"కరెంటు బాగానే ఉంది. పైపులో నూనె దిగతంది. మరి రోగం ఏటో తెలవడం నేదు," అన్నాడు. మూడు రోజులుగా అతనికి జలుబు. మాట ముక్కులోంచి వస్తోంది.

కార్బురేటరు కింద ఉండే చిన్న గిన్నె విప్పి, అందులోది అరచేతిలో ఒంపుకున్నాడు. పెట్రోలైతే చెయ్యి చల్లబడి, చూస్తుండగానే ఆరిపోవాలి. అతను చేతిని ఎండలో అటూ ఇటూ తిప్పాడు. అరచెయ్యి జిడ్డుగా మెరుస్తూనే ఉంది.

"ఓసారి ఇలా రా. నా ముక్కు పన్జెయ్యదు. నువ్వు వాసన సూడు."

సుభద్ర వంగి చూసింది. ఆ వాసన ఆమెకి కొత్త కాదు. రోజూ తెల్లవారి ఆమె చీర కొంగుకి అంటుకునే వాసన అది.

"ఇది మన వంటింటి వాసన. కిరసనాయిలు."

భీమారావు నవ్వబోయాడు. "పొద్దున్న ఇంటికాడి నుంచి నేను తెచ్చిన డబ్బాలోదే గదే పోసినాను," అన్నాడు. ఆ మాట పూర్తయ్యేసరికి అతని ముఖంలో నవ్వు లేదు.

ఇంట్లో రెండు డబ్బాలున్నాయి. భీమారావు తండ్రి రైల్వేలో సిగ్నల్ దీపాలు వెలిగించే పని చేసేవాడు. రిటైరైన రోజున ఒకేలాంటి రెండు దీపం నూనె డబ్బాలు ఇంటికి తెచ్చాడు. ఆయన పోయాక ఒకదానిలో కిరసనాయిలు, ఒకదానిలో ట్రాక్టరు పెట్రోలు పోస్తున్నారు. క్లబ్బు షెడ్డుకి తాళం లేదు కాబట్టి పెట్రోలు ఇంట్లోనే ఉంటుంది. పెట్రోలు డబ్బా మెడకి ఎర్రపీలిక కట్టి ఉండేది. నిన్న ఆయుధపూజకి అత్త పైడమ్మ మగడి పనిముట్లని ఆ రెండు డబ్బాల్నీ చింతపండుతో తళతళా తోమింది. పసుపు రాసి, బొట్లు పెట్టి దేవుడి ముందు ఉంచింది.

ఈ పొద్దున్న సుభద్ర అడిగింది. "ఎర్రపీలిక ఏదత్తా?"

"మసిపీలికని దేవుడికాడ ఎట్టమంటావేటి? పొయ్యిలో ఏసినాను."

"మరి ఏది ఏదో ఎలా తెలుస్తుంది?"

"దీపాలోడితో ముప్పయ్యేళ్లు కాపరం సేసినాను. నాకు నువ్వు సెప్పాలేటే? కుడేపుది కిరసనాయిలు. ఎడమేపుది ఆడు అట్టుకెళ్లిపోతాడు."

పండగపూట మాట పెరగడం ఎందుకని సుభద్ర ఊరుకుంది. భీమారావు ఎడమవైపు డబ్బాతో వెళ్లిపోయాడు. గది నిండా సాంబ్రాణి పొగ. ఆ పొగలోనే, మనసులో అత్తని విసుక్కుంటూ, కుడివైపు డబ్బాలోంచి పంపు స్టవ్వు నిండా పోసి, మూత బిగించి, గుడ్డతో తుడిచింది.

ఆ బిగించిన మూత ఇప్పుడు ఆమె వేళ్లకి తగులుతున్నట్టుంది.

"స్టవ్వు ఎవరైనా ముట్టించినారేటి?" అన్నాడు భీమారావు. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

"పొద్దున్న ముట్టించలేదు. నిన్నటి పులిహోరే తిన్నాం, క్యారియరులోదీ అదే. మూడింటికి అత్త బూరెలు వేస్తానంది."

క్లబ్బు వరండాలో గడియారం రెండుంబావు చూపిస్తోంది. అది ఎప్పుడూ ఇరవై నిమిషాలు వెనక్కి ఉంటుందని ఇద్దరికీ తెలుసు.

విప్పిన గిన్నె, ప్లగ్గు, చొక్కా గడ్డిలోనే ఉండిపోయాయి. భీమారావు బనీనుతోనే సైకిలు తొక్కాడు. సుభద్ర వెనక కూర్చుని సీటు కింద ఇనుప కమ్మీ పట్టుకుంది. స్టవ్వు పేలిందన్న కబురు కాలనీలో ఎలా తిరుగుతుందో సుభద్రకి తెలుసు. ఏ ఇంట్లో జరిగినా మొదట అడిగేది నూనె ఎవరు పోశారనే. పోసింది నేనే, అనుకుంది. పొద్దున్న పోట్లాడింది నేనే. గోడకి ఆ పక్కనుంచి పొరుగింటి దాలమ్మ ఆ మాటలు విన్నది కూడా.

రైలు గేటు దగ్గర సైకిలు ఆగింది. గేటు వేసి ఉంది. గూడ్సు బండి ఒకటి సరిగ్గా దారికి అడ్డంగా నిలబడిపోయింది. పెట్టెలు అటు కనిపించినంత దూరం, ఇటు కనిపించినంత దూరం ఉన్నాయి. రాముడి వేషం కట్టిన పిల్లల్ని ఎత్తుకుని జనం రావణుణ్ణి కాల్చే మైదానానికి వెళ్లడానికి నింపాదిగా ఎదురు చూస్తున్నారు.

"కిత్‌నీ దేర్, భాయీ?" అని ఆ హిందీ ప్రాంతపు గేటుమేన్‌ని భీమారావు అడిగాడు, ఇంకా ఎంతసేపని.

"సిగ్నల్ నహీ మిలే హే," అన్నాడతను. సిగ్నల్ ఇవ్వందే తానేం చేయగలనన్నట్టు చేతులు తిప్పాడు.

భీమారావు సైకిలు పడేసి బండి చివరి పెట్టె వైపు పరుగెత్తాడు. చుట్టూ తిరిగి రావాలంటే అర కిలోమీటరు. అతనికి పెట్టెల మధ్య దూరడమంటే చిన్నప్పటి నుంచీ ప్రాణభయం. అలా దూరి రెండు కాళ్లూ పోగొట్టుకున్న మనిషిని తండ్రి భుజాన వేసుకొచ్చిన రోజు అతను చూశాడు. ఆ సంగతి సుభద్రకి ఎన్నోసార్లు చెప్పాడు.

సుభద్ర చీర కుచ్చెళ్లు బొడ్లో దోపుకుని రెండు పెట్టెల మధ్యకి వెళ్లింది.

"ఝన్ జా దీదీ, గాడీ ఛూట్ జాహీ," అని గేటుమేన్ కేకేశాడు. వెళ్లొద్దు, బండి కదిలిపోతుందని. ఆమె ఇనుప కొక్కెం మీద కాలు పెట్టి పైకెక్కింది. కాలి కింద గ్రీజు. ఎక్కడో దూరంగా, ఒక పెట్టె తర్వాత ఒక పెట్టెను లాగుతూ ధన్‌మన్న చప్పుడు తనవైపే రావడం వినిపించింది. అవతలికి దూకింది. మోకాళ్ల మీద పడింది. వెనక కొక్కెం బిగుసుకున్న శబ్దం ఒళ్లంతా పాకింది. బండి కదిలింది. ఆమె వెనక్కి చూడలేదు.

ఇల్లు చేరేసరికి వీధి తలుపు తీసే ఉంది. గుమ్మానికి మామిడాకులు అలాగే ఉన్నాయి. లోపల పొగ లేదు, అరుపు లేదు. వంటింట్లో స్టవ్వు గట్టు మీదే ఉంది. సుభద్ర దాన్ని ముట్టుకుంది. చల్లగా ఉంది. పక్కన పెద్ద ఇనప మూకుడు లేదు.

ఒక్క క్షణం ఆమెకి ఊపిరి ఆడింది. తర్వాత చూస్తే డబ్బా కూడా లేదు.

పెరట్లోంచి అత్త గొంతు వినిపించింది. పైడమ్మకి ఒక చెవి సరిగా వినపడదు కాబట్టి తనతో తాను మాట్లాడుకున్నా గట్టిగానే మాట్లాడుతుంది. "ఆ దిక్కుమాలిన స్టవ్వు మీద మూకుడు నిలవదు. సిగిడీ అంటిద్దామంటే పిడక అంటుకోదు. ఈ పండగ నేనే సెయ్యాలి, అంతా నేనే సెయ్యాలి."

సిగిడీ అని పిలిచే బొగ్గుల కుంపటి ముందు పీట వేసుకుని కూర్చుంది పైడమ్మ. కాల్చి ఆరిపోయిన అగ్గిపుల్లలు రెండు నేల మీదున్నాయి. పక్కన పసుపు రాసిన డబ్బా, మూత తీసి ఉంది. బొగ్గులూ పిడకలూ నల్లగా, తడిగా నిగనిగలాడుతున్నాయి. ఆమె కుడిచేతిలో మూడో పుల్ల ఉంది. అగ్గిపెట్టె మీద ఆనించింది.

"అత్తా, గీయకు."

వినపడలేదు. సుభద్ర వినపడని చెవి వైపు నిలబడి ఉంది.

ఆమె రెండంగల్లో వెళ్లి ఆ మణికట్టు పట్టుకుంది. పైడమ్మ ఉలిక్కిపడి వెనక్కి ఒరిగింది. అగ్గిపెట్టె జారి, అంట్లు తోమే బండ పక్కనున్న నీళ్ల బాల్చీలో పడింది. పుల్ల మాత్రం ఇంకా ఆమె వేళ్ల మధ్యే ఉంది. సుభద్ర దాన్ని లాక్కుంది.

"నీకేటొచ్చిందే? నా సెయ్యి ఇరగ్గొడతావేటి? మోకాళ్లకి ఆ రగతం ఏటి?"

సుభద్ర మొదట డబ్బాకి మూత పెట్టింది. సిగిడీని రెండు చేతులతో ఎత్తి, పెరటి చివర ఎవరూ తిరగని మట్టి నేల మీద పెట్టి వచ్చింది. అత్త పక్కన నేల మీద కూర్చుని, వినపడే చెవి దగ్గరగా చెప్పింది.

"డబ్బాలు మారిపోయాయత్తా. ఇది పెట్రోలు. పొద్దున్న స్టవ్వులో పోసింది నేనే."

పైడమ్మ డబ్బా వైపు చూసింది. దాని మీద బొట్టు కొద్దిగా చెదిరి ఉంది.

"కుడేపుది కిరసనాయిలే," అంది. డబ్బాని కాస్త తిప్పి చూసి మళ్లీ అంది, "కుడేపుదే. నేను సెప్పినాను గదా." ఈసారి గొంతులో బలం లేదు.

భీమారావు రొప్పుతూ వచ్చి పెరటి గుమ్మంలో ఆగిపోయాడు. తల్లిని చూశాడు, భార్యను చూశాడు. లోపలికి వెళ్లి స్టవ్వు తెచ్చి, సిగిడీ పక్కన పెట్టి, దాని మూత వదులు చేశాడు. ఆ తర్వాత గుమ్మం మీద కూర్చుండిపోయాడు. ట్రాక్టరు సంగతి ఎవరూ ఎత్తలేదు.

పైడమ్మ మెల్లగా కుడిచెయ్యి చాపింది. డబ్బా ఒంపినప్పుడు మణికట్టు దాకా కారిన చెయ్యి అది.

"దోసెడు పోసుంటాను. సెయ్యంతా తడిసిపోనాది. అది పెట్రోలో కిరసనాయిలో సూసి సెప్పు. సూడకుండా సెప్పిన మాట నేను నమ్మను."

సుభద్ర ఆ చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. అది మంచులా చల్లగా ఉంది. ఎక్కడా తడి లేదు, జిడ్డు లేదు.