చెట్టు నీళ్లు

యాదగిరి క్యాంపుకు బయలుదేరాడంటే హనుమకొండ సుబేదారిలో వాళ్ల ఇంట్లో పెళ్లికి తరలుతున్నంత హడావిడి. ఆయన హెల్త్ ఇన్‌స్పెక్టరు. ఊరూరా బావుల్లో బ్లీచింగు పొడి కలిపించే ఆయనకు, తాను మాత్రం పరాయి ఇంట్లో మంచినీళ్లు ముట్టే ధైర్యం లేదు. ఆ ధైర్యాన్ని పెళ్లయిన కొత్తలోనే ఆయన భార్య వరలక్ష్మి తీసి పక్కన పెట్టేసింది. నీళ్లు మరిగించి, చల్లార్చి, రెండు పెద్ద ఫ్లాస్కుల్లో పోసి, మూతల మీద ఉతికిన తెల్లగుడ్డలు కట్టి ఇస్తుంది. జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం వేరే మూట.

"బయటిది ఒక్క చుక్క నోట్లె పడొద్దు. చెప్తున్న మీకు," అన్నది.

"చాయ్ తాగొచ్చు గద. అది మరుగుతది."

"చాయ్ మరుగుతది. గ్లాసు మరుగుతదా?"

యాదగిరి ఫ్లాస్కులు రెండూ భుజానికి తగిలించుకున్నాడు.

మేడారం తోవలో, అడవి మధ్యన, వాగు మీద కల్వర్టు కడుతున్నారు. జాతర లోపల రోడ్డు అయిపోవాలని పైనుంచి ఒకటే ఒత్తిడి. తీరా చూస్తే కూలీలకు కడుపులు చెడ్డాయి. మొదట ఇద్దరు ముగ్గురు పడ్డప్పుడే యాదగిరి ఆఫీసు నుంచి బ్లీచింగు పొడి పంపాడు. ఆ తర్వాత తగ్గాల్సింది పోయి, కూలీల క్యాంపులో సగం మంది పడ్డారు. ఇదేం విడ్డూరమో చూసి రమ్మని ఆయన్నే పంపారు.

లారీ దిగేసరికి కల్వర్టు మీద నరమానవుడు లేడు. పొదల వైపు మాత్రం తిరునాళ్లలా ఉంది. చెంబు పట్టుకొని పోయేవాళ్లు పోతున్నారు, వచ్చేవాళ్లు వస్తున్నారు. ఎదురుపడ్డవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా తప్పుకుంటున్నారు.

సూపర్‌వైజరు వెంకట్రాజం ఎదురొచ్చాడు. పక్కనే కూలీలను తెచ్చిన మేస్త్రీ రాయమల్లు. క్యాంపు మొత్తంలో చొక్కా నలగకుండా, చెంపలు లోపలికి పోకుండా ఉన్నది ఈ మేస్త్రీ ఒక్కడే.

"ఆ వంట ముసల్దే సార్, మొగిలమ్మ. దాని చెయ్యి మంచిది కాదు," అన్నాడు రాయమల్లు.

వంటపాకలోంచి గంటె పట్టుకొని మొగిలమ్మ బయటికి వచ్చింది. "నా చెయ్యా? నీ లగ్గంల బువ్వ వండింది గీ చెయ్యే గదరా రాయమల్లూ! గప్పుడు ఎవడన్న చెంబు వట్టిండా? రెండోసారి వడ్డియ్యలేదని నీ బామ్మర్ది అలిగె గని!"

"పంచాయితీ వద్దు," అన్నాడు వెంకట్రాజం. "సార్, కంట్రాక్టరు ఒక్కటే మాట చెప్పిండు. ఇంకేదన్న కారణం దొరికితే సరే. లేకపోతే రేపు సామాన్ల లారీ వచ్చినప్పుడు ఈమెను ఎక్కించి పంపుడే."

మొగిలమ్మ గంటె దించింది. అంతసేపు ఉన్న ఊపు పోయింది.

"సార్, మీకు దండం పెడుత. కోడలితోని కొట్లాడి వచ్చిన. జాతర అయిందాక నీ గడప తొక్క అని వాడకట్టంత ఇనంగ చెప్పిన. ఇప్పుడు వండరానిదని ఎల్లగొట్టిన్రంటే అది ఊకుంటదా? రోజుకు రెండు సార్లు యాది చేత్తది. నేను సచ్చినా పీనుగ మీదికి వంగి చెప్తది."

యాదగిరి పనిలో దిగాడు. వంటపాక చూశాడు. గిన్నెలు అద్దంలా తోమి బోర్లించి ఉన్నాయి, అన్నం మీద మూత ఉంది. వరలక్ష్మి వచ్చి చూసినా వంక పెట్టడానికి కాసేపు వెతుక్కోవాలి. బావి దగ్గరికి పోయాడు. పది అడుగుల దూరం నుంచే ముక్కు మండింది.

"పొడి ఎంత వేసిన్రయ్యా?"

"సంచి మొత్తం సార్," అన్నాడు రాయమల్లు వినయంగా. "మీరు ప్రేమతోని పంపితిరి. ఇంట్ల దాసుకుంటమా?"

ఆ బావిలో పురుగు బతికే ప్రశ్న లేదు. యాదగిరి గుడిసె గుడిసెకూ తిరిగి ఒకటే అడిగాడు. "ఏ నీళ్లు తాగుతాన్రు?"

"బాయి నీళ్లే సార్."

"వాగు నీళ్లు?"

"అమ్మో! వాగు నీళ్లు తాగొద్దని మీరే చెప్పి పంపిన్రు గద సార్."

అందరిదీ అదే మాట. ఒక్కరి కళ్లలోనూ అబద్ధం లేదు.

సాయంత్రానికి యాదగిరి కాళ్లు పీకాయి, తల తిరిగింది. రాయమల్లు తన గుడిసె ముందు నులకమంచం వాల్చి కూర్చోబెట్టాడు. లోపలికి పోయి తాటాకు దొప్పతో వచ్చాడు. దొప్పలో తెల్లగా నురగ.

"ఈతకల్లు సార్. చలువ. కంట్రాక్టరు క్యాంపుల కల్లు వద్దన్నడు, అందుకే జర గుట్టుగ. పక్క ఊరికెళ్లి నేనే తెప్పిత్త."

"నేను ముట్టనయ్యా. బయటి నీళ్లే తాగ."

"నీళ్లతోని గద బీమారి! ఇది నీళ్లు కాదు సార్. చెట్టు నీళ్లు. బాయి లేదు, వాగు లేదు, మన్ను ముట్టలేదు. దేవుడు చెట్టు మీదనే మరిగిచ్చి పెట్టిండు. బాయి నీళ్లు కంపు కొట్టవట్టినకాన్నుంచి అందరూ ఇదే మా పానం అంటాన్రు."

ఇంత శాస్త్రీయంగా కల్లును సమర్థించగా యాదగిరి ఎన్నడూ వినలేదు. పైగా దొప్పకు గ్లాసు బాధ లేదు, అప్పుడే కోసిన ఆకు. వరలక్ష్మి ప్రశ్న ఇక్కడ పనిచేయదు. పెళ్లయ్యాక మొదటిసారి ఒక దొప్ప తాగాడు. మర్యాదకు కాదనలేక రెండోది కూడా తాగాడు.

తెల్లవారేసరికి ఆయన కూడా చెంబు పట్టుకొని పొదల వైపు పోతున్నాడు.

అక్కడ తాపీపని గట్టయ్య ఎదురుపడ్డాడు. నిన్నంతా మొహం తిప్పుకొని తప్పుకున్న మనిషి, ఈసారి ఆనందం పట్టలేక నిలబడ్డాడు. "సార్! మీరు గూడనా?"

"జరుగు," అన్నాడు యాదగిరి.

మూడోసారి పోయి వచ్చాక మంచం మీద పడి ఆలోచించాడు. మొగిలమ్మ మెతుకు తాను ముట్టలేదు. క్యాంపు నీళ్లు ముట్టలేదు. వరలక్ష్మి ఫ్లాస్కు, వరలక్ష్మి రొట్టె, వరలక్ష్మి కారం. వరలక్ష్మి చేతి నీళ్లలో దోషం ఉందంటే నమ్మడానికి ఆయన ఇంకా అంత తెగించలేదు. మిగిలింది ఆ రెండు దొప్పలు.

తాను అందరినీ ఏ నీళ్లు తాగుతున్నారని అడిగాడు. వాళ్లు నిజమే చెప్పారు. కల్లు సంగతి ఎవడడిగాడు?

కారణం దొరికింది. ఇక చెప్పడమే మిగిలింది. ఏమని చెప్పాలి? అందరి ముందూ హెల్త్ ఇన్‌స్పెక్టరు నోరు తెరిచి, నేను కల్లు తాగిన అని చెప్పాలి. ఈ రోడ్డు మీద పోయే ప్రతి లారీ హనుమకొండకే పోతుంది. లారీ కన్నా ముందు మాట పోతుంది. మాట నేరుగా సుబేదారికి పోయి, వరలక్ష్మి కూరగాయలు కొనే దగ్గర ఆగుతుంది. ఇంకేదైనా కారణం దొరకకపోతుందా అని మధ్యాహ్నం దాకా బావి చుట్టూ తిరిగాడు. దొరకలేదు.

లారీ వచ్చింది. మొగిలమ్మ చీరల మూట చంకలో పెట్టుకొని, గంటె మాత్రం చేతిలో అలాగే పట్టుకొని నిలబడింది. లారీ ఎక్కబోతూ చెంగుతో ముక్కు తుడుచుకొని, "నా కోడలు గడపలనే కూసోని ఉంటది," అన్నది, ఎవరితోనూ కాకుండా.

"ఆగు," అన్నాడు యాదగిరి.

అందరూ చూశారు.

"ఈమె వంట నేను తినలేదు. మీ నీళ్లు తాగలేదు. అయినా పొద్దటినుంచి నా సంగతి మీకు తెలుసు." లారీ డ్రైవరు వైపు ఒకసారి చూశాడు. "నేను నిన్న... కల్లు తాగిన."

"ఎన్ని దొప్పలు సార్?" వెనకనుంచి ఎవరో ఆసక్తిగా అడిగారు.

"రెండు. బీమారి కల్లుల ఉన్నది."

ఒక్కసారిగా గోల లేచింది. కల్లుతో రోగమా? పుట్టిన పిల్లకు కూడా చుక్క నాకిస్తాం, మా తాత తొంభై ఏళ్లు దాని మీదనే బతికిండు, సారు తెలువక మాట్లాడుతాండు. అందరికన్నా గట్టిగా అరిచింది రాయమల్లే. "చెట్టు నీళ్ల మీద నింద వెయ్యద్దు సార్! కండ్లు పోతయి!"

"అయితే కుండ తెండి," అన్నాడు యాదగిరి. ఫ్లాస్కు మీది తెల్లగుడ్డ విప్పి మొగిలమ్మకు ఇచ్చాడు. ఆమె ఖాళీ గిన్నె మీద దాన్ని పరిచి పట్టుకుంది. గట్టయ్య రాయమల్లు గుడిసెలోంచి కుండ తెచ్చి నిదానంగా వంచాడు.

ముందు నురగ పోయింది. తర్వాత కల్లు పోయింది. అడుగుకు వచ్చేసరికి గుడ్డ మీద సన్నని ఇసుక, ఇంత నాచు, ఆ నాచులో గోరంత చేపపిల్ల. తోక ఇంకా కొట్టుకుంటోంది.

అందరూ గుడ్డ మీదికి వంగారు.

మొగిలమ్మ గుడ్డను రాయమల్లు ముక్కు కిందికి తెచ్చింది. "చెట్టు మీదికి చాపపిల్ల ఎట్ల ఎక్కింది మేస్త్రీ?"

అప్పుడు లేచింది అసలు గోల. వారం నుంచి పేగులు జారిపోతున్నా, మంచం పట్టినా, ఒక్కడికీ రాని కోపం అప్పుడు వచ్చింది. "కల్లుల నీళ్లు కలిపినవా!" అంటూ గట్టయ్య తలపాగా తీసి నేలకు కొట్టాడు. పొద్దున నడవలేక తూలిన కూలీ పూలమ్మ కొంగు బిగించి ముందుకు వచ్చింది. "బీమారి అంటే వత్తది పోతది. కల్లుల నీళ్లు కలుపుతావురా? మనిషివేనారా నువ్వు?"

"నేనేం జేతునే!" అన్నాడు రాయమల్లు లారీ వెనక్కి జరుగుతూ. "తెచ్చేది రెండు కుండలు. బాయి కంపు కొడుతాందని అందరూ కల్లు మీద వడ్డరు. ఎవలకని లేదంట? వాగు పక్కనే ఉండె, జర సాగదీసిన!"

ముందు తన వంతు పక్కకు తీసి, తర్వాతే వాగుకు పోయేవాడని గట్టయ్య రెండు గద్దింపులతో రాబట్టాడు. చొక్కా ఎందుకు నలగలేదో యాదగిరికి అర్థమైంది. బావిలో బోర్లించిన సంచిని, ఎంత వేయాలో చెప్పకుండా పంపింది తానేనని కూడా అర్థమైంది. దాని గురించి ఆయన గట్టిగా మాట్లాడలేదు.

వెంకట్రాజం రాయమల్లు చెయ్యి పట్టి లారీ వైపు లాగాడు. "ఎక్కు. నువ్వే పో."

"ఉండనియ్యి సారూ," అన్నది మొగిలమ్మ. చంకలో మూట దించింది. "ఈడు పోతే నీళ్లు ఎవలు మరిగిత్తరు? కట్టెలు కొట్టుడు, బాయి తోడుడు, పెద్ద గంగాళంల మసలబెట్టుడు, అన్ని వీడే. నేను పక్కన కూసోని చూత్త." గంటెతో పొయ్యి వైపు చూపించింది. రాయమల్లు జనాన్ని చూశాడు, లారీని చూశాడు, పొయ్యి దగ్గరికి నడిచాడు.

యాదగిరి మిగిలిన కల్లు పరీక్షకని సీసాలో పోసి, బిరడా బిగించి, చొక్కా లోపల భద్రంగా పెట్టుకొని లారీ ఎక్కాడు. మొగిలమ్మ మసిలిన నీళ్లతో ఫ్లాస్కు నింపి ఇచ్చింది. "ఇంట్ల అమ్మకు చెప్పకున్రి సార్. ఎవ్వరం చెప్పం. మా మీద ఒట్టు," అన్నది. యాదగిరికి కొండంత ధైర్యం వచ్చింది.

అడవి తోవ గుంతల్లో లారీ ఎగిరెగిరి పడింది. ఎండకు సీసా వేడెక్కింది. లోపల కల్లు పొంగుతూ పోయింది. ములుగు దాటాక ఒక పెద్ద గుంతలో లారీ దబ్బున పడగానే, తుపాకీ పేలినట్టు బిరడా ఎగిరి డ్రైవరు చెవి పక్క నుంచి పోయింది. పరీక్షకు పోవాల్సిన కల్లు మొత్తం యాదగిరి బనీను, చొక్కా, మీసం తడిపింది.

సుబేదారిలో తలుపు తీసిన వరలక్ష్మి ఒక్క అడుగు వెనక్కి వేసింది. ఆయనను పైనుంచి కిందిదాకా చూసింది. ఒక ఫ్లాస్కు మీద తన తెల్లగుడ్డ లేకపోవడం కూడా చూసింది.

యాదగిరి గుమ్మం బయటే చెప్పులు విప్పి, చేతులు కట్టుకొని నిలబడ్డాడు. ఒకసారి అంతమంది ముందు చెప్పిన మాటే కదా, అనుకున్నాడు.

"రెండు దొప్పలు," అన్నాడు.

"దొప్ప కడిగిన్రా?" అన్నది వరలక్ష్మి.