లేవి కాంపౌండరు వాచీ

శ్రీకాంత్ కారు కమలాపురంలో తన వాకిట ఆగేసరికి కృపమణికి ఒళ్ళంతా కారం రాసినట్టయింది. వస్తాడని ఆమెకు తెలుసు. ఎదురుచూస్తోంది కూడా. ముఖాన నవ్వు పులుముకొని కుర్చీ వేసింది. సమాధి పని మాట్లాడడానికి వచ్చిన సుందరం మేస్త్రి అరుగు మీదే కూర్చొని ఉన్నాడు.

శ్రీకాంత్ కడపలో పెద్ద కాంట్రాక్టరు. పాత చేతిగడియారాలంటే అతనికి పిచ్చి. అందులోనూ పక్కన మీట నొక్కితే సెకన్ల ముల్లు ఉరికే క్రోనోగ్రాఫులంటే ప్రాణం. అలాంటిది ఒకటి కృపమణి తండ్రి లేవి చేతికి ఉండేది. ఆయన మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. దొరసాని డాక్టరు తన దేశం వెళ్ళిపోతూ ఇచ్చిన వాచీ అది. మీట నొక్కి, రోగి మణికట్టు పట్టుకొని నాడి చూసేవాడు. రెండేళ్ళ కిందట, "బాగుచేయించుకొని తెస్తా పెద్దాయనా" అని తీపి మాటలు చెప్పి పట్టుకుపోయాడీ మహానుభావుడు. అంతే, గోవిందా! అడగబోతే, "యాడో పోయిందమ్మా" అని గుమ్మంలోంచే పంపేశాడు.

లేవి మంచం పట్టాడు. ఆఖరి రోజుల్లో తన నాడి తానే పట్టుకొని, "వాచీ ఏదమ్మా? లెక్క తప్పిపోతాండాది" అని అడుగుతూ ఉండేవాడు. ఆ మాటతోనే కన్నుమూశాడు. కృపమణి ఏడవలేదు. వాణ్ణి ఏడిపించాకే తన ఏడుపు అనుకుంది.

ఆ మధ్య ఫోన్లో ఒక వీడియో చూసింది. శ్రీకాంత్ చేతికి అదే వాచీ! బొంబాయిలో వేలంపాటలో కొన్నానని కోతలు. కింద తోటి సేకరణ పిచ్చోళ్ళు మాత్రం, డయల్ కొత్తది, మచ్చలున్నా పాతదే ఉంటేనే విలువ, ఇదేం వాచీ అని ఎగతాళి చేశారు. నిజమే. పాత డయల్ మచ్చలు పడిందని లేవి కడప బజారులో కొత్తది వేయించాడు. మనవాళ్ళకు తళతళలాడితేనే కదా అందం! మచ్చలదాన్ని పారేయడానికి చేతులు రాక అగ్గిపెట్టెలో దాచుకున్నాడు. ఆ ఎగతాళి చదివిన రోజే కృపమణి అగ్గిపెట్టె బయటికి తీసిపెట్టుకుంది.

"నీ అదృష్టం కృపమ్మా, మీ నాయన వాచీ దొరికింది. బీరువా వెనకాల పడిండాది," అన్నాడు శ్రీకాంత్ సిగ్గూ ఎగ్గూ లేకుండా. "దాని పాత డయల్ ఏమన్నా ఉండాదా?"

"ఉండాది సార్. వాచీకి సరిపోతాదో లేదో పక్కన పెట్టి చూడాల గదా. రేపు పొద్దున సమాధుల తోట కాడికి తీసుకురాండి. సమాధుల పండగకు నాయన సమాధి కట్టిస్తాండా, ఆడనే ఉంటా."

ఆశపోతుకు అనుమానమెక్కడిది! పొద్దున్నే వాచీ కట్టుకొని దిగాడు.

సమాధుల పండగ ముందు రోజు కాబట్టి చర్చి సంఘమంతా తోటలోనే ఉంది. ఎవరి సమాధికి వాళ్ళు సున్నం కొట్టుకుంటున్నారు. లేవి సమాధి మీద సుందరం మేస్త్రి అప్పుడే కాంక్రీటు పోశాడు.

శ్రీకాంత్ వాచీ విప్పి ఇచ్చాడు. కృపమణి కీ తిప్పి మీట నొక్కింది. ముల్లు ఉరికింది. ఒకసారి చెవికి ఆనించుకుంది. మరుక్షణం వంగి, దాన్ని పచ్చి కాంక్రీటులోకి మోచేయి మునిగేదాకా దించి, ఉత్తచెయ్యి బయటికి తీసింది.

"ఏయ్, పిచ్చి పట్టిందా? అది నా వాచీ!" ఎగిరిపడ్డాడు శ్రీకాంత్.

"నీదా? నిన్న నా వాకిట్లో మా నాయనదని చెప్తివే! ఏం సుందరం, నువ్వు ఆడనే ఉంటివి గదా, వినలేదా?"

"ఎందుకు వినలేదక్కా," అంటూ మేస్త్రి ఆ గుంట మీద తాపీ లాగాడు.

"మా నాయన వట్టి చెయ్యి పట్టుకొని చచ్చిపోయినాడప్పా, నీ పుణ్యాన. ఇంక లెక్క చూసుకుంటాడులే. నీకు కావాల్నా? అదో గడ్డపార. మా నాయన సమాధి మీద ఎత్తు, చూస్తాం!"

సున్నం చేతులతో జనం చుట్టూ మూగారు. దొంగకు తేలు కుట్టినట్టయింది శ్రీకాంత్‌కు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

కృపమణి వాటిని తనివితీరా చూసింది. అగ్గిపెట్టె తీసి అతని చేతిలో పెట్టింది.

"నువ్వు అడిగిందే. తీసుకపో. మచ్చలు కూడా అట్లనే ఉండాయి."

కారు కనుమరుగయ్యాక ఆమె తండ్రి సమాధి పక్కన కూలబడి, ఇన్నాళ్ళూ దాచిన ఏడుపు ఏడ్చింది.