తెలుగు రాని మనిషి

ఆ సాయంత్రం ఆరులోపు భారతికి కావలసింది ఒక్కటే: తెలుగు రాని మనిషి. బెంగళూరులో, అందునా పీణ్యలో అలాంటి మనిషిని వెతకడం నేతిబీరకాయలో నెయ్యి వెతకడమే. లేత్ షాపుల్లో పనికి వచ్చిన బీహారువాళ్లు కూడా ఆరు నెలలకల్లా తెలుగులో తిట్టుకుంటున్నారు.

హంగరీలో ఒక యూనివర్సిటీ, ఏడాదిపాటు తెలుగు నేర్పడానికి మనిషి కావాలంది. జీతం, గది, విమానం టికెట్ అన్నీ వాళ్లవే. దరఖాస్తుతోపాటు, తెలుగు బొత్తిగా తెలియని ఒకరికి పాఠం చెబుతూ తీసిన వీడియో పంపాలి. ఆ సాయంత్రం ఆరుతో గడువు తీరిపోతుంది. పోయినేడు భారతి తన బాబాయి కొడుకు మహేశ్‌ని కూర్చోబెట్టింది. పుట్టినప్పటినుంచీ తెలుగులోనే చీవాట్లు తిన్న మహేశ్, ‘నీళ్లు’ అన్న మాట అప్పుడే మొదటిసారి విన్నట్టు కళ్లు పెద్దవి చేశాడు. ‘మీ విద్యార్థి నటిస్తున్నాడు’ అని ఒక్క వాక్యం రాసి వాళ్లు తిప్పి పంపారు. ఈసారీ పోతే భారతికి వయసు పరిమితి దాటిపోతుంది.

వాళ్లమ్మ సొన్నమ్మకు ఆ దేశం పేరే నచ్చలేదు. “పేరులోనే ఆకలి ఉండాది కదప్పా” అంది. అయినా మనిషిని చూపించింది ఆవిడే. “పక్కింటి నేత్రావతి ఉండాది కదా. పదకొండేండ్లాయె, ఒక్క ముక్క రాదు ఆయమ్మకు.”

నిజమే. నేత్రావతి కన్నడావిడ. ఒంటరి మనిషి. రోజూ కాఫీ వేళకు వచ్చి గడప పక్కన కూర్చునేది. సొన్నమ్మ “బన్నీ, కూత్కొళ్ళి” అని కన్నడంలో ఎంతో మర్యాదగా పిలిచి కూర్చోబెట్టి, కూతురి వైపు తిరిగి తెలుగులో ఆమె చీరనీ, నడకనీ, వంటనీ చెరిగిపారేసేది. తల్లీకూతుళ్లు నవ్వుతుంటే నేత్రావతి కూడా నవ్వేది.

నాలుగింటికి పాఠం మొదలైంది. రాగిపిండి డబ్బాకు ఫోను ఆనించి, భారతి పుస్తకంలోంచి ఊడిపడ్డట్టు “ఇది ఏమిటి? ఇది గ్లాసు” అంది. నేత్రావతి బుద్ధిగా “ఇది గలాసు” అంది. ఏడు నిమిషాలు బ్రహ్మాండంగా సాగింది. అంతలో వంటగది గుమ్మంలో నిలబడ్డ సొన్నమ్మ నోరు ఊరుకోలేదు.

“నోరే తిరగదు ఆయమ్మకు. చారులోకి బెల్లం వేసి వేసి నాలుక అంటుకొని పోయుండాది.”

“ఆ బెల్లం చారే మొన్న రెండు గిన్నెలు తాగితివే” అంది నేత్రావతి, తెలుగులో. “అప్పుడు నీ నాలుక అంటుకోలేదా సొన్నమ్మా?”

యాస కూడా అచ్చం సొన్నమ్మదే. ఫోను నడుస్తూనే ఉంది. సొన్నమ్మ మొహంలో కత్తివేటుకు నెత్తురు చుక్క లేదు. పదకొండేళ్లలో ఏమేమి అన్నదో ఆవిడ గుర్తు చేసుకుంటోందని భారతికి అర్థమైంది. ఆ చిట్టా చిన్నది కాదు.

నాలుక కరుచుకున్న నేత్రావతి, “మళ్లా తియ్యి పాపా, ఈతూరి నోరు తెరవను” అంది. సొన్నమ్మ తేరుకుని, “తియ్యనక్కర లేదు, ఆయమ్మ మాట్లాడిన ఆ కడాకరి ముక్క కోసేయ్, చాలు” అంది. ఎలా చేసినా మళ్లీ అది మహేశ్ కథే. భారతికి ఏడుపొచ్చింది.

“ఆంటీ, తెలుగు వస్తాదని ఎందుకు చెప్పలేదు మాకు?”

నేత్రావతి గ్లాసును అటూ ఇటూ తిప్పింది. “చెప్తే నా ముందర మీరు మాట్లాడేది నిలిపేస్తారు కదమ్మా. ‘బన్నీ, కూత్కొళ్ళి, కాఫీ తగొళ్ళి’, అంతే మిగుల్తాది. మా ఇంట్లో మాట్లాడేవాళ్లు ఎవురుండారు? నన్ను తిట్టినా సరే, వింటా ఉంటే బాగుండేది.”

భారతికి సిగ్గేసింది. నవ్వినవాళ్లలో తనూ ఉంది.

ఆమె ఏదీ కోయలేదు. దరఖాస్తులో ‘మీ బోధన పద్ధతి’ అన్నచోట వారం రోజులు కష్టపడి రాసిన రెండు పేజీలు చెరిపేసి ఇలా రాసింది: ‘ఈమెకు తెలుగు రాదనుకున్నాను. వచ్చు. నేర్పింది మా అమ్మ, తనకే తెలియకుండా. పద్ధతి: నేర్చుకునే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమె గురించే మాట్లాడడం. అలా మాట్లాడితే ఎవరైనా చెవులు రిక్కించుకుని వింటారు.’

“నా నోటిని దేశం కాని దేశానికి పంపిస్తావా?” అంది సొన్నమ్మ. ఆరుకు పది నిమిషాలుండగా భారతి పంపించేసింది. వాళ్లు నవ్వుతారో, చెత్తబుట్టలో వేస్తారో ఆమెకు తెలియదు. అబద్ధం మాత్రం కాదు, అదొక్కటే ధైర్యం.

సొన్నమ్మ కాఫీ తెచ్చింది. అలవాటుగా “తగొ...” అనబోయి ఆగి, “తాగు” అంది. తనూ గడప పక్కనే చతికిలబడింది.

“నీ గురించి ఇంక మాట్లాడేదానికి లేకపాయె. రేపట్నుంచి ఎవురి గురించి మాట్లాడుకోవల్ల మనం?”

నేత్రావతి ఒక గుక్క తాగి, నిదానంగా ఆలోచించింది. “ముందు ఆ తలుపు ముయ్యి” అంది. “పై ఇంటి పుష్పావతికి తెలుగు బాగా వస్తాది.”